దాటిస్తేనే నిలిచే శ్రుతి

ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని పియానోను మళ్లీ సరైన శ్రుతికి తేవాలంటే, ముందు దాన్ని తప్పు శ్రుతిలో పెట్టాలి. ఈ మాట వింతగా అనిపించవచ్చు గానీ ట్యూనర్ల పనికి ఇదే పునాది. సెకనుకు 440 కంపనాల దగ్గర నిలవాల్సిన తీగను 442 దాటించి, అక్కడే వదిలేసి పక్క తీగకు వెళ్లాలి. అలా రెండువందల ఇరవై పైచిలుకు తీగలను ఒక చుట్టు దాటించి, అవి దిగివచ్చాక రెండో చుట్టులో అసలు శ్రుతి చేయాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలకు పియానో నేర్పించడం ఇప్పుడు మామూలు విషయం. వాడిన పియానో తక్కువ ధరకు దొరికితే తెచ్చుకునేవాళ్లూ ఉంటారు. ట్యూనరు వచ్చి నాలుగు మెట్లు నొక్కి చూసి, ‘ముందు పిచ్ రైజ్ (శ్రుతి పెంపు) చేయాలి, దానికి వేరే ఛార్జి’ అంటే, బిల్లు పెంచడానికి చెప్పే మాటేమో అని అనుమానం రావడం సహజం. ఆ అనుమానం సరికాదని, ఆ మొదటి చుట్టు ఎంత లెక్కతో చేశారన్న దాని మీదే మిగతా శ్రుతి అంతా నిలబడుతుందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పియానోలో 88 మెట్లు. కింది స్థాయి మెట్లకు రాగి చుట్టిన లావుపాటి తీగ ఒకటో రెండో ఉంటాయి. మిగతా వాటికి మూడేసి ఉక్కు తీగలు. మెట్టు నొక్కితే ఫెల్టు తొడిగిన చిన్న సుత్తి లేచి వాటిని కొడుతుంది. ప్రతి తీగా ఒక చివర ఉక్కు బిరడాకు చుట్టి ఉంటుంది, ఆ బిరడా గట్టి చెక్క దిమ్మెలో దిగి ఉంటుంది. అక్కడి నుంచి తీగ బ్రిడ్జి అనే చెక్క కమ్మీని నొక్కుకుంటూ సాగి, రెండో చివర పోత ఇనుప చట్రానికి తగులుకుంటుంది. బ్రిడ్జి కూర్చున్నది సౌండ్‌బోర్డు మీద. స్ప్రూస్ చెక్కతో చేసిన ఆ వెడల్పాటి పలక మందం సెంటీమీటరు కూడా ఉండదు, నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. పియానో మోగడమంటే ఆ పలక మోగడమే. ఒక్కో తీగ లాగే బలం 70 నుంచి 90 కిలోల బరువుతో సమానం. అన్నీ కలిపితే 18 టన్నుల దరిదాపు, పెద్ద పియానోల్లో ఇంకా ఎక్కువ. ఇంత బలాన్ని చెక్క ఒక్కటే ఆపలేదు కాబట్టే, 1825లో బోస్టన్‌కు చెందిన ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే ముక్కగా పోతపోసిన ఇనుప చట్రానికి పేటెంటు తీసుకున్నాడు. అయితే ఇనుమైనా, చెక్కైనా బలానికి ఎంతో కొంత లొంగనిది లేదు. శ్రుతి పెంచడంలోని చిక్కంతా ఆ కొంచెం లొంగుబాటు దగ్గరే ఉంది.

శ్రుతి ఎందుకు పడిపోతుంది? తీగ సాగడం, బిరడా దిమ్మెలో కొద్దికొద్దిగా జారడం కొంత కారణం. కొత్త తీగలు వేసిన మొదటి ఏడాది ఈ సాగుదల ఎక్కువ. అంతకంటే పెద్ద కారణం గాలిలోని తేమ. సౌండ్‌బోర్డు తేమ పీల్చుకుంటే ఉబ్బుతుంది, బ్రిడ్జిని పైకి నెడుతుంది, తీగలు బిగుస్తాయి. ఎండిపోతే పలక కుంగి తీగలు వదులవుతాయి. విశాఖ లాంటి సముద్రతీరంలో ఉన్న పియానోకు, వేసవిలో పొడిగాలి కొట్టే తెలంగాణ పీఠభూమిలోని పియానోకు ఈ ఎగుడుదిగుళ్లు ఒకేలా ఉండవు. చలికాలమంతా ఇంట్లో హీటరు నడిచే అమెరికా రాష్ట్రాల్లో పలక బాగా ఎండుతుంది. ఈ మార్పు అన్ని తీగల మీదా సమానంగా పడదన్నది ముఖ్యం. నడిమి స్థాయి తీగలు ఎక్కువగా కదులుతాయి, కింది రాగి తీగలు అంతగా కదలవు. అందుకే పాడైన పియానో ఒక చోట ఇరవై సెంట్లు, ఇంకో చోట యాభై సెంట్లు దిగి కనిపిస్తుంది. ఒక మెట్టుకూ దాని పక్క మెట్టుకూ ఉన్న దూరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు.

ఇప్పుడు బలం లెక్క చూద్దాం. తీగ మోగే వేగానికీ దాని బిగువుకూ ఉన్న సంబంధాన్ని ఫ్రెంచి మతగురువు మెర్సెన్ 1636లోనే సూత్రంగా రాశాడు. వేగం బిగువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అంటే శ్రుతిని నూటికి ఒక పాలు పెంచాలంటే బిగువును నూటికి రెండు పాళ్లు పెంచాలి. నడిమి ‘ఎ’ స్వరం సెకనుకు 440 సార్లు కంపించాల్సింది 430కి పడిపోయిందనుకుందాం. అది 40 సెంట్ల తరుగు. దాన్ని పూడ్చాలంటే ప్రతి తీగ బిగువూ దాదాపు ఐదు శాతం పెరగాలి. 18 టన్నుల పియానోలో ఆ ఐదు శాతం సుమారు 800 కిలోలు. పూర్తిగా ఒక మెట్టు దిగిపోయిన పియానో అయితే చేర్చాల్సింది రెండు టన్నులకు దగ్గరవుతుంది. గంట కూడా పట్టని పనిలో ఇంత బలాన్ని పలకమీద, చట్రంమీద మోపితే అవి ఉన్నచోట ఉండవు. పలక కొంచెం కుంగుతుంది, చట్రం వెంట్రుకవాసి వంగుతుంది, ముందు బిగించిన తీగలు ఆ మేరకు వదులవుతాయి. సైకిల్ చక్రం బెండు తీసేవాళ్లకు ఇది తెలుసు: ఒక చువ్వ బిగిస్తే రిమ్ము అటు ఒరిగి పక్క చువ్వలు వదులవుతాయి, అందుకే మెకానిక్ ఏ చువ్వనూ ఒక్కసారే బిగించి వదలడు, చక్రం తిప్పుతూ మళ్లీ మళ్లీ వస్తాడు. పియానోలో అలాంటి చువ్వలు రెండువందల పైచిలుకు, పైగా ఒక సెంటు తేడా కూడా చెవికి దొరికిపోతుంది.

ఎంత తగ్గుతుందో తెలిస్తే ఎంత దాటించాలో తెలుస్తుంది. ఇక్కడ తొందరపడితే లెక్క తప్పుతుంది. ఒక పియానో, పెంచిన శ్రుతిలో ఐదో వంతు వెనక్కి ఇచ్చేస్తుందనుకుందాం. 40 సెంట్లు పెంచి సరిగ్గా 440 దగ్గర ఆపితే, పని మొత్తం ముగిసేసరికి 8 సెంట్లు పోయి 438 దగ్గర తేలుతుంది. అయితే 8 సెంట్లు దాటిస్తే సరిపోతుందా? సరిపోదు. అప్పుడు పెంచింది 48, అందులో ఐదో వంతు 9.6, ఇంకా 1.6 సెంట్లు తక్కువే. దాటించిన భాగమూ తన వంతు బలాన్ని పలకమీద మోపుతుంది గనుక, ఆ భాగంలోనూ ఐదో వంతు పోతుంది. 10 సెంట్లు దాటిస్తే పెంచింది 50, పోయేది 10, మిగిలేది సరిగ్గా 40. అంటే ఐదో వంతు తరుగుకు నాలుగో వంతు దాటింపు కావాలి. నడిమి స్థాయిలో తరుగు మీద 25 శాతం దాటించాలని ట్యూనర్లు వాడే అంచనాకూ ఈ లెక్కకూ పొంతన కుదురుతుంది. 430 దగ్గరున్న తీగను 440 దగ్గర కాక 442.5 దగ్గర వదలడం అందుకే.

ఈ 25 శాతం పియానో అంతటికీ చెల్లుతుందా అంటే చెల్లదు. కింది రాగి తీగలకు పది, పదిహేను శాతం చాలు; పై స్థాయిలో 30, 35 దాకా వెళ్లాల్సి వస్తుంది. ఇందుకు మంచి కారణమే ఉంది. ఉక్కు తీగను పియానో బిగువుకు లాగినప్పుడు అది తన పొడవులో దాదాపు అర శాతం సాగుతుంది. నడిమి స్థాయిలో రెండడుగుల తీగ మూడు మిల్లీమీటర్ల దాకా సాగి ఉంటుంది. చిట్టచివరి పై మెట్టు తీగ మోగే భాగం ఐదు సెంటీమీటర్లే, దాని సాగుదల పావు మిల్లీమీటరు. బ్రిడ్జి ఇసుమంత కదిలినా మూడు మిల్లీమీటర్లలో అది లెక్కలోకి రాదు, పావు మిల్లీమీటరులో అదే పెద్ద వాటా. అందుకే పొట్టి తీగ ఎక్కువ శ్రుతి పోగొట్టుకుంటుంది. దీనికి తోడు ఇంకో మెలిక. కింది నుంచి పైకి పనిచేసుకుంటూ వెళ్తుంటే, ఇంకా ముట్టుకోని పై తీగలు కూడా ఈలోపే దిగుతుంటాయి. పని మొదలెట్టినప్పుడు 40 సెంట్లు తక్కువున్న తీగ, ట్యూనరు దాని దగ్గరికి చేరేసరికి 45 తక్కువై ఉండవచ్చు. కాబట్టి పని మొదట్లో కొలిచిన అంకెతో లెక్క కట్టాడా, తీగ ముట్టుకునే ముందు కొలిచిన అంకెతో కట్టాడా అన్నదాన్ని బట్టి శాతం మారాలి. రెంటినీ కలగలిపేస్తే మొదటి చుట్టు ఎక్కడో తేలుతుంది. కచ్చితత్వం అని నేనంటున్నది ఇలాంటి చోట్ల చూపించే శ్రద్ధనే.

యంత్రాలు లేని రోజుల్లో ఇదంతా ఎలా చేశారని అడగవచ్చు. చెవితోనే చేశారు, అదీ లెక్కగానే. రెండు స్వరాలు దాదాపు ఒకే శ్రుతిలో ఉంటే నాదం అలల్లా లేస్తూ పడుతూ వినిపిస్తుంది. భౌతికశాస్త్ర పుస్తకాల్లో వీటిని విస్పందనాలు అంటారు. సెకనుకు ఎన్ని అలలు వస్తే రెండు స్వరాల కంపనాల మధ్య తేడా అంత. 440 ట్యూనింగ్ ఫోర్కు పక్కన తీగను 442.5కు తెస్తే రెండు సెకన్లకు ఐదు అలలు వస్తాయి. గడియారం టిక్కులతో వాటిని లెక్కపెట్టవచ్చు. 1936లో అమెరికాలో కాన్ కంపెనీ తెచ్చిన స్ట్రోబోకాన్ అనే యంత్రం అదే తేడాను కంటికి చూపించింది. ఇవాళ ట్యూన్‌ల్యాబ్, సైబర్‌ట్యూనర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ప్రతి తీగనూ అది ఉన్నచోటే కొలిచి, ఎంత దాటించాలో అవే లెక్క వేసి చెబుతున్నాయి. మరి ఫోన్‌లో యాప్ ఉంటే చాలదా, ట్యూనరు దేనికి అనేవాళ్లకు ఒక మాట. యాప్ చెప్పేది సగటు పియానో గురించి. ఎదురుగా ఉన్న పియానో పలక బిరుసుదా, అలిసిపోయిందా అన్నది దానికి ముందే తెలియదు. అంతకంటే ముఖ్యంగా, అది చూపిన అంకె దగ్గర తీగను నిలబెట్టాల్సింది చెయ్యి. లీవరు పట్టి తిప్పినప్పుడు బిరడా ముందు మెలితిరుగుతుంది, తర్వాతే దిమ్మెలో కదులుతుంది. మెలి తిరిగి ఆగిన బిరడా కాసేపటికి వెనక్కి వస్తుంది. బిరడా నిజంగా కదిలిందో లేదో వేళ్లకు తెలియాలి. అది నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. లెక్కను యంత్రానికి అప్పగించడం మంచిదే, అయినా పని ట్యూనరు చేతిలోనే ఉంది.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. దాటించడం, శాతాలు, ఈ తంతంతా ఎందుకు? మామూలుగా 440కే శ్రుతి చేసి, దిగినకొద్దీ మళ్లీ మళ్లీ చేసుకుంటూ పోతే చేరదా? చేరుతుంది. మన లెక్కలోని పియానోనే తీసుకుంటే 40 సెంట్ల తరుగు మొదటి చుట్టుకు 8 అవుతుంది, రెండో చుట్టుకు 1.6, మూడో చుట్టుకు 0.3. కాబట్టి దాటింపు తెలియని ఓపికమంతుడు కూడా చివరికి అక్కడికే వస్తాడు. తేడా రెండో చుట్టులో బయటపడుతుంది. 1.6 సెంట్లంటే చిన్నగానే కనిపిస్తుంది గానీ, సెకనుకు వెయ్యికి పైగా కంపించే పై స్థాయి స్వరంలో అది సెకనుకు ఒక అల. ఒకే మెట్టుకున్న మూడు తీగలూ ఒక్క తీరుగా దిగితే ఫర్వాలేదు. అవి మూడు తీర్లుగా దిగితే ఆ మెట్టు నొక్కినప్పుడల్లా గొంతు జీరబోయినట్టుంటుంది. సున్నితమైన శ్రుతి చేసే చుట్టు మొదలయ్యేసరికి పలక కదలకుండా ఉండాలి, తీగలు మూడు నాలుగు సెంట్లకు మించి కదపాల్సిన అవసరం ఉండకూడదు. దాటింపు శాతం కొంత తప్పినా, ఆ 40 సెంట్ల పియానోలో తప్పు నాలుగు సెంట్లకు మించదు. ఆ నాలుగు సవరించేటప్పుడు పోయేది ఒక సెంటు కూడా ఉండదు. అనవసరంగా ఇంకో చుట్టు వేస్తే బిరడాలు, దిమ్మె, తీగల వంపులు అన్నీ ఇంకోసారి అరుగుతాయి, రెండు గంటల పని మూడు గంటలవుతుంది. ఓపిక గొప్పదే, కాకపోతే దాని ఖర్చు పియానో భరించాలి.

తీగలు తెగుతాయన్న భయం మరొకటి. ఇది ఊరికే కొట్టిపారేయదగింది కాదు. అయితే దాటించడం వల్లే తెగుతాయనుకోవడం తప్పు. పది సెంట్లు దాటిస్తే తీగ మీద పడే అదనపు బిగువు నూటికి ఒకటింబావు కూడా ఉండదు. మంచి పియానో తీగ మామూలు శ్రుతిలో తన తెగే బలంలో సగమో, అంతకు కాస్త ఎక్కువో మోస్తుంది. తెగేవి తుప్పు పట్టిన తీగలు, బిరడా చుట్టులో ఏళ్ల తరబడి వంగి అలిసిపోయిన తీగలు, రాగి చుట్టు కింద తడి చేరిన తీగలు. అందుకే అనుభవమున్న ట్యూనరు పాత తీగను పైకి లాగే ముందు కొంచెం కిందికి దించుతాడు. తుప్పుతో లోహానికి అతుక్కున్న చోటు టక్కుమని విడిపోతుంది, ఆ తర్వాత పైకి లాగితే బిగువు తీగ అంతటా సర్దుకుంటుంది. దిమ్మె చీలిపోయి బిరడాలు నిలవకపోయినా, చట్రంలో పగులు కనిపించినా, బ్రిడ్జి విరిగినా శ్రుతి పెంచకూడదు. అలాంటి పియానోను ఉన్న శ్రుతిలోనే తనకు తాను పొంతనగా ఉండేలా సరిచేసి వదిలేయడమే న్యాయం. ఆ మాట నిజాయితీగా చెప్పే ట్యూనరును నమ్మవచ్చు.

అసలు 440కే తేవాలన్న పట్టు ఎందుకని మన సంగీతం తెలిసినవాళ్లు అడుగుతారు. కర్ణాటక సంగీతంలో షడ్జమం ఎవరి గొంతుకు తగ్గట్టు వాళ్లు పెట్టుకుంటారు. వీణ, తంబుర, వయొలిన్ ఆ గొంతుకే శ్రుతి అవుతాయి. ఒకే అంకెకు లోకమంతా కట్టుబడాలన్నది మనకు పరాయి ఆలోచనే. యూరప్‌లోనూ అది మొదటి నుంచీ లేదు. ఊరికో శ్రుతి ఉన్న ఆ ఖండంలో 1834లో స్టట్‌గార్ట్‌లో 440 అన్నారు, 1859లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి 435 అంది, 1885లో వియన్నా సమావేశం దాన్నే ఒప్పుకుంది, 1939 లండన్ సమావేశం మళ్లీ 440కి వచ్చింది. కాబట్టి ఈ అంకెలో పవిత్రత ఏమీ లేదు. కాకపోతే గాయకుడు మారినప్పుడల్లా రెండువందల తీగలు తిప్పలేం. పియానోలో శ్రుతి మార్చడమంటే వేరే మెట్టు నుంచి మొదలెట్టడమే. పక్కన ఫ్లూటు, కీబోర్డు, రికార్డు చేసిన పాట ఏది ఉన్నా అవి 440నే నమ్ముకుని ఉంటాయి. పిల్లలు రోజూ ఇంట్లో ఒక శ్రుతి, టీచరు దగ్గర ఇంకో శ్రుతి వింటే వాళ్ల చెవి కుదురుకోదు. పైగా తీగల పొడవు, లావు ఏ బిగువుకు తగినట్టు లెక్కగట్టారో ఆ బిగువు దగ్గరే వాటి నాదం నిండుగా పలుకుతుంది. ఒంటరిగా పాడుకునేవాళ్లకు, శిథిలమైన వాద్యానికి మినహాయింపు ఇవ్వవచ్చు. నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో మాత్రం పూర్తి శ్రుతికి తేవడమే మేలని నా నమ్మకం.

ఇన్ని చేసినా శ్రుతి నిలుస్తుందా? మొదట్లో అంతగా నిలవదు. కొత్త బరువు మోసిన పలక, చట్రం కొన్ని వారాల పాటు సర్దుకుంటూనే ఉంటాయి. నెల తిరిగేసరికి పియానో కాస్త దిగితే దాన్ని ట్యూనరు తప్పుగా లెక్కవేయకూడదు. వానాకాలం, ఎండాకాలం మధ్య వచ్చే నాలుగైదు సెంట్ల ఊగిసలాటకు ప్రతిసారీ పైకీ కిందికీ లాగడం కూడా మంచిది కాదు. ఆ తేడాను అలాగే ఉండనిచ్చి, పియానో ఉన్న గదిలో తేమ పెద్దగా మారకుండా చూసుకోవడం మేలు. పది సెంట్లకు మించి దిగినప్పుడే శ్రుతి పెంచే చుట్టు తప్పనిసరి అవుతుంది. పాత పియానో కొనేవాళ్లు ట్యూనరును మూడు మాటలు అడగండి: ఎన్ని సెంట్లు దిగింది, ఏయే చోట్ల కొలిచారు, తీగలు, బిరడాలు ఈ బరువు మోస్తాయా. ఆయన రెండు చుట్లు కావాలంటే ఒక్క చుట్టుతో ముగించమని బేరమాడకండి, నెలా రెండు నెలల తర్వాత ఇంకోసారి రమ్మని అప్పుడే చెప్పి ఉంచండి.